పొన్నెకల్లు నాజర్: ఒక్క కేసెట్‌లో పట్టని గొంతు

షేక్ నాజర్ చెప్పిన కథల్లో మేలైనవి ఏరి ఒక్క కేసెట్‌లో పెట్టమంటే పేర్లకేం కొదవ లేదు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు. చిక్కంతా కుదించడంలోనే ఉంది. గంటల తరబడి సాగే కథను కాసేపట్లోకి దించితే కత్తులూ గుర్రాలూ మిగులుతాయి గానీ మధ్యలో జనాన్ని నవ్వించిన మాటలు పోతాయి. ఆయన కథకు సగం ప్రాణం అక్కడే.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. తండ్రి మస్తాన్, తల్లి బీబాబీ. బీద దూదేకుల కుటుంబం. పత్తి పండే ఈ నేలలో దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన వాళ్ళు దూదేకులవారు. ఇంట్లో మాట తెలుగు, మొక్కు అల్లాకు. ఉర్దూ రాదని ఒక పక్క, సాయిబులని ఇంకో పక్క, రెండు వైపులా చిన్నచూపే. పింజారి అన్నది పని పేరే. అది కాస్తా తిట్టయి కూర్చుంది.

పిల్లాడికి పాటంటే పిచ్చి. భాగవతం ఆడినా, హరికథ జరిగినా అక్కడే ఉండేవాడు, విన్న పద్యం విన్నట్టు పాడేవాడు. హార్మోనిస్టు ఖాదర్ ఆ గొంతు గుర్తుపట్టి నాటక సమాజంలో చేర్పించారు. ఆడవేషాలు కట్టించారు. కైకేయి అయ్యాడు, దేవకీ అయ్యాడు. ముసల్మాను పిల్లాడికి ఇవేం వేషాలని అడిగే నోళ్ళు ఎప్పుడూ ఉంటాయి. పాడే గొంతును చూసి వచ్చే జనమూ ఉంటారు. తర్వాత నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య దగ్గర సంగీతం నేర్చుకున్నారు. ఆ శాస్త్రం ఉండబట్టే ఎంత అరిచి చెప్పినా శ్రుతి తప్పేది కాదు.

1940ల్లో కమ్యూనిస్టు పార్టీ, ప్రజానాట్యమండలి పాత జంగం కథను బుర్రకథగా మలిచి ఊళ్ళలోకి తెచ్చాయి. అందులో నాజర్ చేరారు. ఇక వెనక్కి చూసింది లేదు. బుర్రకథకు ముగ్గురు కావాలి. మధ్యన భుజాన తంబురా, వేలికి అందెలతో కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. కర్నాటి లక్ష్మీనరసయ్య ఆయనకు వంతగా నిలిచారు. బాలచంద్రుడు కారెంపూడి యుద్ధానికి బయలుదేరుతుంటే కథ ఆపి, ఆ వారం ఊళ్ళో నడుస్తున్న అన్యాయం మీద ఓ విసురు విసరడం ఈ కళలో ఉన్న వెసులుబాటు. మిరప, పత్తి రైతుకు పన్నెండో శతాబ్దం నాగమ్మ కథ తన కథలాగే వినిపించేది. 1943లో బెంగాల్లో జనం ఆకలితో చచ్చిపోతే ఆ కథా ఈ ఊళ్ళకు చేరింది. బెంగాల్ ఎక్కడుందో తెలియని వాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు.

పార్టీ మీద నిషేధం వచ్చిన కాలంలో ఆ దళాలన్నీ చెదిరాయి. ఆ ఏళ్ళు కళాకారులకు గడ్డు ఏళ్ళు. నాజర్ మాత్రం కథ వదల్లేదు. ఎందరికో నేర్పారు, 'ఆసామి' అనే నాటకం రాశారు.

ఈ మైదానమే ఇంకో ముసల్మాను కళాకారుణ్ణీ ఇచ్చింది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరంతో శ్రీరంగం దాకా వెళ్ళి స్థిరపడ్డారు. ఆయన దారి గుళ్ళకూ సభలకూ, నాజర్ దారి ఊరి నడిబొడ్డుకూ.

బుర్రకథ పితామహుడన్నారు జనం. ప్రభుత్వం 1986లో పద్మశ్రీ ఇచ్చింది. అయినా అంగడాల వెంకట రమణమూర్తి అక్షరాల్లో పెట్టిన ఆయన జీవిత కథకు పేరు 'పింజారి'. ఒకప్పుడు తిట్టుగా విసిరిన మాటే అట్టమీదికెక్కింది. 1997 ఫిబ్రవరి 22న నాజర్ కన్నుమూశారు.

ఇప్పుడు ఆ గొంతు ఫోన్లో దొరుకుతుంది. కానీ అడుగు, అందెల చప్పుడు, చటుక్కున తిరిగే మెడ వినిపించవు. వాటికోసం 1954 నాటి ఎన్టీఆర్ సినిమా అగ్గిరాముడు చూడాలి. అందులో అల్లూరి కథ చెబుతూ నాజర్ కాసేపు తెరమీద ఉంటారు.