గల్లీ ఖాసిం జాన్‌ను వదలని గాలిబ్

పాత ఢిల్లీలో చాందినీ చౌక్ నుంచి బల్లీమారాన్ బజారులోకి తిరిగి కొంచెం దూరం నడిస్తే గల్లీ ఖాసిం జాన్ వస్తుంది. ఇప్పుడు ఆ దారిలో అటూ ఇటూ చెప్పుల దుకాణాలు, కళ్లద్దాల దుకాణాలు. రిక్షాలను తప్పించుకుంటూ నడవాలి. ఉర్దూ కవిత్వం అనగానే మనకు గుర్తొచ్చే మీర్జా అసదుల్లా ఖాన్ గాలిబ్ యాభై ఏళ్లకు పైగా ఈ చుట్టుపక్కలే బతికారు. సొంత ఇల్లు ఒక్కటీ కట్టలేదు, కొననూ లేదు. ఒక అద్దె ఇంటి నుంచి మరో అద్దె ఇంటికి మారుతూనే ఉన్నారు గానీ మొహల్లాను మాత్రం వదల్లేదు. ఇంతకంటే సుఖమైన చోటు ఆయనకు దొరకలేదా అంటే, దొరికింది.

గాలిబ్ 1797 డిసెంబర్ 27న ఆగ్రాలో జన్మించారు. సిపాయి వృత్తిలో ఉన్న తండ్రి చిన్నప్పుడే మరణించారు. పెంచిన పినతండ్రి కూడా 1806లో పోయారు. 1810లో, పదమూడేళ్ల వయసులో, ఢిల్లీకి చెందిన నవాబ్ ఇలాహీ బఖ్ష్ ఖాన్ కుమార్తె ఉమ్రావ్ బేగంతో నికాహ్ జరిగింది. కొద్దికాలానికే ఢిల్లీ వచ్చి స్థిరపడ్డారు. గల్లీకి పేరిచ్చిన ఖాసిం జాన్ మరెవరో కాదు, ఉమ్రావ్ బేగం తాతగారికి అన్నదమ్ముడు. అంటే గాలిబ్ అత్తవారి గల్లీకే వచ్చి చేరారన్నమాట. మామగారు కూడా మారూఫ్ పేరుతో కవిత్వం రాసేవారు.

ఆ రోజుల్లో ఆ మొహల్లాల సంపద చూడండి. గల్లీలోనే పేరుమోసిన హకీముల కుటుంబం ఉండేది. తర్వాతి కాలంలో జాతీయ నాయకుడైన హకీం అజ్మల్ ఖాన్ ఆ ఇంటివారే. జామా మసీదు అవతల మటియా మహల్‌లో ముఫ్తీ సద్రుద్దీన్ ఆజుర్దా, కూచా చేలాన్‌లో మోమిన్. పల్లకీ ఎక్కితే అందరి ఇళ్లూ దగ్గరే. గాలిబ్ తొలినాళ్ల కవిత్వం ఎవరికీ కొరుకుడు పడేది కాదు. ఆ కష్టమైన షేర్లను ఏరి పక్కన పెట్టమని నచ్చజెప్పింది మిత్రుడు మౌలానా ఫజ్లే హఖ్ ఖైరాబాదీ. అలా తేలికపడిన దివాన్ 1841లో అచ్చయింది. పుస్తకాలు కొనే అలవాటు ఆయనకు లేనేలేదు. దుకాణాల నుంచి అద్దెకు తెప్పించుకుని, చదివి, తిరిగి పంపేసేవారు. తాను రాసినదైనా దాచుకునేవారు కాదు. ఆ బాధ్యత బంధువు నవాబ్ జియావుద్దీన్ అహ్మద్ ఖాన్ వంటివారిది. ఊరే ఆయనకు గ్రంథాలయం, మిత్రుల ఇళ్లే అలమారాలు.

ఇంట్లో మాత్రం అంత వెలుగు లేదు. ఏడుగురు పిల్లలు పుట్టినా ఒక్కరూ దక్కలేదు. ఉమ్రావ్ బేగం నమాజు, రోజాల్లో గట్టి మనిషి. భర్త తాగుడు కారణంగా తన గిన్నెలు వేరుగా పెట్టుకునేవారట. గాలిబ్ ఆ లోపాన్ని ఎన్నడూ దాచుకోలేదు. కొడుకులా చూసుకున్న ఆరిఫ్ 1852లో చనిపోతే, అతని ఇద్దరు పిల్లలనూ ఆ దంపతులే పెంచారు.

మొహల్లా ఎప్పుడూ చల్లగానే చూసిందని అనలేం. 1847లో ఇంట్లో జూదం ఆడించిన నేరంపై గాలిబ్ జైలుకు వెళ్లినప్పుడు తెలిసినవాళ్లు చాలామంది ముఖం చాటేశారు. నవాబ్ ముస్తఫా ఖాన్ షేఫ్తా మాత్రం ఖర్చులు భరించి అండగా నిలిచారు. విడుదలయ్యాక చక్రవర్తి పీర్ అయిన కాలే సాహెబ్ తన ఇంట్లోనే చోటిచ్చారు. తెల్లవాడి జైలు నుంచి నల్లవాడి జైలుకు వచ్చానని ఆ పేరు మీద గాలిబ్ వేసిన చమత్కారం ఇప్పటికీ చెప్పుకుంటారు.

పింఛను తగాదా కోసం 1826లో బయలుదేరి కలకత్తా దాకా వెళ్లారు. దారిలో బనారస్ అందానికి ముగ్ధుడై పార్సీలో మస్నవీ రాశారు. కలకత్తా కూడా ఎంతో నచ్చింది. అయినా 1829లో మళ్లీ ఢిల్లీ గల్లీకే చేరుకున్నారు. ఈ మమకారం ఆయన ఒక్కరిదే కాదు. దీవాన్ చందూలాల్ హైదరాబాదుకు రమ్మని పిలిస్తే, ఢిల్లీ గల్లీలను వదలలేనని జౌఖ్ మానేశారు. జౌఖ్ ఉస్తాద్ షా నసీర్ మాత్రం హైదరాబాదు వచ్చి ఇక్కడే కన్నుమూశారు.

1857 సెప్టెంబరులో ఇంగ్లీషు సైన్యం ఢిల్లీని పట్టుకుంది. ఊరంతా ఖాళీ అవుతుంటే ఈ గల్లీ నిలిచింది. కారణం హకీములే. వాళ్లు పటియాలా మహారాజా కొలువులో ఉన్నందున ఆయన సిపాయిలు గల్లీ మొగలో కాపలా కాశారు. తలుపులు బిగించుకుని కూర్చున్న జనానికి మంచినీళ్లు కరువయ్యాయి. వాన కురిస్తే దుప్పటి కట్టి నీళ్లు పట్టుకున్నారు. అక్టోబరులో తెల్ల సిపాయిలు గోడ దూకి వచ్చి గాలిబ్‌ను, ఇరుగుపొరుగును కర్నల్ బర్న్ ముందుకు తీసుకెళ్లారు. విచారించి వదిలేశారు. అదే నెల వేరే ఇంట్లో ఉన్న తమ్ముడు మీర్జా యూసుఫ్, ఏళ్ల తరబడి మతి చలించి ఉన్నవాడు, మరణించాడు. కఫన్ గుడ్డ దొరకలేదు, గుసుల్ చేయించేవాడు దొరకలేదు. ఇరుగుపొరుగువాళ్లే పటియాలా సిపాయి తోడుతో వెళ్లి, గాలిబ్ ఇంటి నుంచి తెచ్చిన దుప్పట్లలో చుట్టి, పక్కనున్న మసీదులో ఖననం చేశారు.

గోడలు మిగిలాయి, మనుషులు మిగల్లేదు. కూచా చేలాన్‌కు చెందిన పండితుడు సహబాయీని కాల్చి చంపారు. ఫజ్లే హఖ్‌ను అండమాన్ పంపారు, 1861లో అక్కడే పోయారు. షేఫ్తా, ఆజుర్దా జైలు పాలయ్యారు. జియావుద్దీన్ గ్రంథాలయం లూటీ అయింది, దానితోపాటు గాలిబ్ రచనలూ పోయాయి. ఆ తర్వాత ఒకనాడు మంచి గొంతున్న ఫకీరు ఎక్కడో సంపాదించి రాయించుకున్న గజల్ కాగితం చూపిస్తే, అది తనదేనని గుర్తుపట్టి గాలిబ్ కన్నీళ్లు పెట్టుకున్నారు.

పింఛను మూడేళ్లు ఆగిపోయింది. ఇంట్లోని బట్టలు అమ్ముకుని తిన్నారు. 1859 నుంచి రాంపూర్ నవాబు నెలకు వంద రూపాయలు పంపసాగారు. రాంపూర్‌లో ఉంటే ఇంకో వంద. 1860లో మనవలను వెంటబెట్టుకుని వెళ్లారు కూడా. పిల్లలు అక్కడ ఇమడలేకపోతున్నారని చెప్పి రెండు మూడు నెలల్లోనే తిరిగొచ్చేశారు. పిల్లలది సాకేనేమో అని నాకనిపిస్తుంది. ఆ అదనపు వంద వదులుకుని వచ్చింది ఏ ఇంటికి? వాన ఆగినా పైకప్పు కారడం ఆగని ఇంటికి!

కూర్చుని మాట్లాడేందుకు మనుషులు లేరు కనుక ఉత్తరాలు రాశారు. పానీపట్‌లో ఉన్న మీర్ మెహ్దీ మజ్రూహ్‌కు, సికందరాబాదుకు చెందిన శిష్యుడు హర్‌గోపాల్ తఫ్తాకు, ఇంకా ఎందరికో. ఏ బజారు కూల్చేశారో, ఏ బావి పూడ్చేశారో, ఎవరు పోయారో, ఎవరు తిరిగొచ్చారో, ఎదురుగా కూర్చుని కబుర్లాడినట్టే రాశారు. ఉర్దూ వచనానికి కొత్త దారి చూపినవి ఆ ఉత్తరాలే. పాత మొహల్లా చెదిరిపోకుండా ఉంటే, వాటిలో సగం రాయవలసిన పని ఉండేది కాదేమో.

1869 ఫిబ్రవరి 15న బల్లీమారాన్‌లోనే కన్నుమూశారు. ఢిల్లీ దర్వాజా బయట జనాజా నమాజు జరిగింది. జియావుద్దీన్ అహ్మద్ ఖాన్, షేఫ్తా వచ్చారు. నిజాముద్దీన్ దర్గా దగ్గర అత్తవారి ఖబ్రస్తాన్‌లో ఖననం చేశారు. మరుసటి ఏడాదే ఉమ్రావ్ బేగం కూడా వెళ్లిపోయారు. ఆయన చివరగా ఉన్న హవేలీ చేతులు మారి చాలాకాలం దుకాణాలకూ, బొగ్గు నిల్వకూ పనికొచ్చింది. 2000లో ఢిల్లీ ప్రభుత్వం అందులో ఒక భాగాన్ని తీసుకుని, బాగుచేసి, స్మారకంగా తెరిచింది.