కాలిన్ ఛాప్‌మన్: తక్కెడకు అందని బరువు

ఒక పందెపుకారు ఎంత తూగునని అడిగినచో సమాధానము సులభమనియే తోచును. తయారుచేసినవారు అచ్చువేయించిన పత్రములో ఒక అంకె ఉండనే యుండును. కాని ఆ అంకె ఏ స్థితిలోనున్న కారును తూచగా వచ్చినదో విచారించువారు అరుదు. పెట్రోలు, నూనె, నీరు ఏమియు పోయని కారు బరువు ఒకటి. అవన్నియు నింపి బయలుదేరుటకు సిద్ధముగానున్న కారు బరువు వేరొకటి. చోదకుడు కూర్చున్న పిదప తేలునది మూడవది. లీటరు పెట్రోలు సుమారు ముప్పాతిక కిలో తూగును. 40 లీటర్ల తొట్టి నిండినంతనే 30 కిలోలు పెరుగును. కొనువానిని ఆకర్షింపగోరు వర్తకుడు మొదటి అంకెనే చూపును. నిజము తెలియవలెనన్నచో సమతలమైన నేలపై నాలుగు చక్రముల క్రింద నాలుగు కాటాలుంచి, ఆ నాలుగంకెలను కూడవలెను. అప్పుడు మొత్తము బరువే గాక, అది ముందు వెనుకలకును కుడియెడమలకును ఎట్లు పంచబడినదో కూడ తెలియును. ఈ లెక్కకే తన ఆయువునంతయు ధారపోసినవాడు ఆంగ్ల యంత్రశిల్పి కాలిన్ ఛాప్‌మన్.

ఆయన 1928 మే 19వ తేదీన ఇంగ్లండులోని రిచ్‌మండునందు జన్మించెను. తండ్రి లండను నగరపు ఉత్తరభాగమైన హార్న్‌సీలో రైల్వే హోటలను పేరుగల పానశాలను నడుపుచుండెను. ఛాప్‌మన్ లండను యూనివర్సిటీ కాలేజీలో చదివినది కార్ల విద్య కాదు; కట్టడముల నిర్మాణశాస్త్రము. విద్యార్థిదశయందే విమానము నడుపుటయు నేర్చెను. ఏ దూలముపై ఎంత భారము పడునో లెక్కించుట మొదటి విద్య నేర్పినది. అక్కరలేని ప్రతి తులమును శత్రువుగా చూచుట రెండవది నేర్పినది. 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి, తన తలపునకు తగినట్లు తిరిగి కట్టెను. 1949లో పట్టభద్రుడై, కొంతకాలము ఒక అల్యూమినియము కంపెనీలో పనిచేసెను. తరువాత పెండ్లాడనున్న హేజెల్ విలియమ్స్ ఇచ్చిన 25 పౌనులు పెట్టుబడిగా, 1952 జనవరి 1న తండ్రి హోటలు వెనుకనున్న గుర్రపుసాలలో కంపెనీ నెలకొల్పెను. దానికి పెట్టిన పేరు లోటస్, అనగా తామర.

బలమైన ఇంజను తిన్నని బాటలో మాత్రమే కారును పరుగెత్తించును. తేలికదనమో, బయలుదేరునప్పుడును, మలుపునందును, ఆగునప్పుడును ఉపకరించును. అంతేకాక బరువు తగ్గిన కారునకు చిన్న బ్రేకులు చాలును. సన్నని స్ప్రింగులు చాలును. పెట్రోలు తక్కువ పట్టును గనుక చిన్న తొట్టి చాలును. ఒక కిలో తగ్గించినచో అది మరికొన్నిటిని తనవెంట తీసికొనిపోవును. అందుచేత ఛాప్‌మన్ ఒక్కొక్క భాగముచేత రెండు పనులు చేయింపజూచెను. 1957లో వెలువడిన ఎలీట్ కారునకు ఉక్కుచట్రమే లేదు; గాజునారతో పోతపోసిన పైతొడుగే చట్రముగా నిలిచి భారమును మోసెను. అదే సంవత్సరము వచ్చిన లోటస్ సెవెన్‌లో సన్నని ఉక్కుగొట్టముల గూడు, ఇంజను, చక్రములు, రెండు ఆసనములు తప్ప తక్కినది స్వల్పము.

ఫార్ములా వన్ పందెములలో 1961 నుండి కారు 450 కిలోలకు తగ్గరాదను నియమము వచ్చెను. ఛాప్‌మన్ 1962లో నిర్మించిన లోటస్ 25 ఆ హద్దునకు మిక్కిలి దగ్గరగా నిలిచెను. గొట్టముల గూటికి మారుగా అల్యూమినియపు రేకులను రివెట్లతో బిగించి దోనె వంటి శరీరమును చేసెను. పెట్రోలు సంచులు ఆ దోనె ప్రక్కలయందే ఇమిడెను. దాని గట్టితనము మునుపటి కారునకు దాదాపు మూడు రెట్లు. చట్రపు బరువు సగము. 1963లో పది పందెములకు ఏడింటిని గెలిచి జిమ్ క్లార్క్ దానిపై ప్రపంచవిజేత యయ్యెను. 1967 నాటి లోటస్ 49లో చోదకుని వెనుక చట్రమన్నదే లేదు. ఇంజనే వెన్నెముకగా నిలిచి వెనుకచక్రములను మోసెను.

కాని తేలికదనమునకు మూల్యమున్నది. ఒక కడ్డీ మందమును తగ్గించినపుడు తగ్గునది బరువొక్కటే కాదు; అనుకొనని దెబ్బకు ఓర్చుకొను శక్తియు తగ్గును. ఆ తరుగును చూపు కాటా లేదు. 1968 ఏప్రిల్ 7న హాకెన్‌హైములో లోటస్ కారు నడుపుచు క్లార్క్ మరణించెను. ఆ ప్రాణమిత్రుని మరణము ఛాప్‌మన్‌ను క్రుంగదీసెను. 1969లో బార్సిలోనాయందు రెండు లోటస్ కార్ల ఎత్తైన రెక్కలు విరిగిపడెను. రెండవ కారులోనుండి గాయములతో బయటపడిన జోఖెన్ రింట్ పిదప ఛాప్‌మన్‌కు లేఖ వ్రాసి, బలహీనమైన భాగములకు కొద్దిపాటి బరువు చేర్చి గట్టిపరచినను కారు గెలువగలదని వేడుకొనెను. 1970 సెప్టెంబరు 5న మోంజాలో, లోటస్ 72 ముందుబ్రేకు కడ్డీ తెగి, కారు అంచుకంచెను ఢీకొనగా రింట్ మరణించెను. ఆ కంచె సరిగా బిగింపబడకుండుట ప్రాణనష్టమునకు హేతువని ఇటలీ విచారణలో తేలెను. ఛాప్‌మన్‌పై నేరము నిలువలేదు. అప్పటికే గెలుచుకొన్న పాయింట్లనుబట్టి ఆ యేటి ప్రపంచవిజేత బిరుదము మృతుడైన రింట్‌కే దక్కెను.

ఛాప్‌మన్ ఆగలేదు. 1978 నాటి లోటస్ 79 ప్రక్కలను తలక్రిందులైన విమానపు రెక్కవలె మలచెను. వేగము హెచ్చినకొలది గాలి ఆ కారును నేలకు అదుముచుండెను. నిలిచియున్నప్పుడు తేలికయైనది పరుగులో బరువైనదానివలె బాటను పట్టుకొనెను. ఆ బరువును మాత్రము ఇంజను లాగనక్కరలేదు. మారియో ఆండ్రెట్టి ఆ యేట ప్రపంచవిజేత యయ్యెను. 1963 మొదలు 1978 వరకు లోటసుకు నిర్మాతల బిరుదములు ఏడు లభించెను.

1982లో తూనికయే వివాదమయ్యెను. నాటి కనీసపు బరువు 580 కిలోలు. కొన్ని జట్లవారు బ్రేకులను చల్లార్చుటకను నెపమున నీటితొట్టి నింపి, పందెములో ఆ నీటిని వదలి, ముగిసిన తరువాత మరల నింపి కాటాకెక్కించిరి. అందుచేత రియో డి జనీరో పందెములో మొదటి రెండు స్థానముల కార్లు అనర్హములాయెను. ఆ తీర్పువలన లోటస్ చోదకుడు నైజెల్ మాన్సెల్ మూడవ స్థానమునకు వచ్చెను.

ఆ సంవత్సరము డిసెంబరు 16న ఛాప్‌మన్ గుండెపోటుతో 54వ యేట మరణించెను. ఉత్తర ఐర్లండులో డెలోరియన్ కార్ల తయారీకని బ్రిటిషు ప్రభుత్వమిచ్చిన ధనము దారితప్పిన వ్యవహారము ఆయన పేరును వెంటాడెను. ఆ విషయమున 1992లో లోటస్ ఆర్థికాధికారికి బెల్‌ఫాస్టు న్యాయస్థానము శిక్ష విధించెను. కారులోని ప్రతి తులమునకును లెక్క చూచినవాని పద్దుపుస్తకము నిష్కళంకముగా నిలువలేదు.

2025లో ఫార్ములా వన్ కారు చోదకునితో కూడ 800 కిలోలకు తగ్గరాదను నియమముండెను. విద్యుద్యంత్రములు, బ్యాటరీలు ఆ పెరుగుదలకు కొంత కారణము. చోదకుని రక్షణకై చేర్చిన భాగములు మరికొంత. 2018 నుండి తప్పనిసరియైన టైటానియపు శిరోరక్షణ వలయము సుమారు 7 కిలోలు తూగును. 2020లో బహ్రెయినునందు రోమెన్ గ్రోజాన్ కారు ఇనుపకంచెను చీల్చుకొనిపోయి మంటలలో చిక్కినపుడు ఆ వలయమే అతని తలను కాచెను. రింట్ నాడు వేడుకొనినది అటువంటి కొద్ది కిలోలనే.