జె.బి.ఎస్. హాల్డేన్

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ (నవంబరు 5, 1892 - డిసెంబరు 1, 1964) ప్రముఖ జన్యుశాస్త్రవేత్త. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించాడు. 1957లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరి, తరువాత భారత పౌరసత్వం స్వీకరించాడు.

గర్భస్థ శిశువులో వంశపారంపర్య వ్యాధిని గుర్తించే పద్ధతులకు ఆయన పరిశోధన ఒక పునాది. హీమోఫీలియా అనగా గాయమైనపుడు రక్తం త్వరగా గడ్డకట్టని వ్యాధి. దీని జన్యువు, వర్ణాంధత్వ జన్యువు ఎక్స్ క్రోమోజోముపై దగ్గరగా ఉండి, సాధారణంగా కలిసే సంక్రమిస్తాయని 1937లో జూలియా బెల్‌తో కలిసి చూపాడు. దీనినే సహలగ్నత అంటారు. వ్యాధి జన్యువు నేరుగా కనిపించకపోయినా, దాని పొరుగున ఉన్న గుర్తును బట్టి కుటుంబంలో అది ఎవరికి సంక్రమించిందో అంచనా వేయవచ్చు. డి.ఎన్.ఎ. గుర్తులు లభించిన పిదప, 1980లలో హీమోఫీలియా గర్భస్థ పరీక్షలకు ఈ సూత్రమే ఉపయోగపడింది. అది చూడటానికి హాల్డేన్ లేడు.

పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. మేనరికాలు సర్వసాధారణమైన ఆంధ్రప్రదేశ్‌లో వాటి జన్యు ఫలితాలను ఈయన అధ్యయనం చేశాడు. తెలుగునాట అత్యవసరమైన పని ఇది.

హాల్డేన్ క్యాన్సరు వ్యాధితో భువనేశ్వరంలో మరణించాడు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని వైద్యవిద్యార్థుల అధ్యయనానికై కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.