మెల్లగా మోసి, చటుక్కున వదిలి: పియర్ క్యూరీ కథ

పియర్ క్యూరీ అంటే మనలో చాలామందికి మేరీ క్యూరీ భర్త, అంతే. నాకు మాత్రం ఆయన పరిచయమైంది రేడియం వల్ల కాదు, ఒక బుల్లి మోటర్ వల్ల. పీజో ఇనర్షియల్ మోటర్ అంటారు దాన్ని. చుట్టూ తిరిగే చక్రం ఉండదు, కాయిల్ ఉండదు. ఒక స్ఫటికం, దానికి అతికించిన కడ్డీ, కడ్డీని పట్టుకుని ఉండే చిన్న దిమ్మ, అంతే. ఇది ఎక్కడ మొదలైందా అని వెతికితే 1880 నాటి పారిస్‌లో ఇద్దరు అన్నదమ్ముల దగ్గర తేలాను.

పియర్ 1859లో పుట్టారు. నాన్న డాక్టర్. పిల్లాడు ఒక విషయం పట్టుకుంటే దాంట్లోంచి అంత తొందరగా బయటికి రాడని గమనించి, బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. తనది నిదానంగా పనిచేసే బుర్ర అని పియర్ కూడా అనుకునేవారట. కానీ ఆ బుర్రతోనే 18 ఏళ్లకి డిగ్రీ అందుకున్నారు.

21 ఏళ్లప్పుడు అన్న జాక్‌తో కలిసి క్వార్ట్జ్, టూర్మలీన్, చివరికి చక్కెర స్ఫటికాల్ని కూడా నొక్కి చూశారు. నొక్కితే కరెంటు చార్జ్ పుట్టింది. అదే పీజోఎలక్ట్రిసిటీ. దీనికి రివర్స్ కూడా జరగాలని 1881లో లిప్‌మన్ లెక్క కట్టి చెప్తే, అన్నదమ్ములు వెంటనే ప్రయోగం చేసి నిజమని చూపించారు. వోల్టేజ్ ఇస్తే స్ఫటికం సాగుతుంది. ఎంత? వెయ్యి వోల్టులకి క్వార్ట్జ్ సాగేది రెండు నానోమీటర్ల పైన కాస్త. మన వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు!

ఇంత చిన్న కదలికతో మోటరెలా? నోట్‌బుక్ మీద ఐదు రూపాయల బిళ్ళ పెట్టండి. పుస్తకాన్ని మెల్లగా ముందుకు జరిపితే బిళ్ళ కూడా వస్తుంది, ఎందుకంటే ఘర్షణ దాన్ని పట్టుకుని ఉంటుంది. ఇప్పుడు పుస్తకాన్ని చటుక్కున వెనక్కి లాగండి. అంత వేగంగా బిళ్ళని లాగే బలం ఘర్షణకి లేదు, జడత్వం వల్ల బిళ్ళ దాదాపు ఉన్నచోటే ఉంటుంది. అంటే ఒక అడుగు ముందుకు పడినట్టే. మోటర్‌లో పుస్తకం బదులు కడ్డీ, బిళ్ళ బదులు దిమ్మ. వోల్టేజ్ మెల్లగా పెంచి ఒక్కసారిగా దించుతారు, మళ్ళీ పెంచుతారు. ఇప్పుడు వాడే పీజో సెరామిక్‌లు క్వార్ట్జ్ కంటే చాలా ఎక్కువ సాగుతాయి. సెకనుకి వందల సార్లు ఇలా చేస్తే నానోమీటర్లు కాస్తా మిల్లీమీటర్లవుతాయి. అణువుల్ని చూసే కొన్ని మైక్రోస్కోపుల్లో సూదిని నమూనా దగ్గరికి చేర్చేది ఇలాంటి మోటర్లే.

పియర్ ఈ మోటర్ని చూడలేదు. 1882 నుంచి 22 ఏళ్లు ఒక పారిశ్రామిక కాలేజీలో పనిచేశారు, తనకంటూ సరైన ల్యాబ్ లేకుండానే. అయస్కాంతాల మీద డాక్టరేట్ వచ్చేసరికి 1895. అదే ఏడాది మేరీతో పెళ్లి. యురేనియం నుంచి వచ్చే అతి సన్నని కరెంటుని మేరీ కొలవాల్సి వచ్చినప్పుడు పనికొచ్చింది ఆ పాత క్వార్ట్జే. దానికి బరువులు వేలాడదీసి, పుట్టిన చార్జ్‌తో ఆ కరెంటుని తూచేవారు. ఆ కొలతల దారిలోనే 1898లో పొలోనియం, రేడియం దొరికాయి. 1903లో నోబెల్ వచ్చింది. రేడియం తీసే పద్ధతికి ఆ దంపతులు పేటెంట్ తీసుకోలేదు. ప్రభుత్వం ఇస్తానన్న బిరుదుని పియర్ వద్దన్నారు.

1906 ఏప్రిల్ 19న, వర్షంలో రోడ్డు దాటుతూ గుర్రబ్బండి కింద పడి చనిపోయారు. 46 ఏళ్లు. మరో పదకొండేళ్లకి ఆయన శిష్యుడు లాంజెవాన్ అదే క్వార్ట్జ్‌తో నీళ్లలో సబ్‌మెరీన్లని పసిగట్టే ధ్వని తరంగాల్ని పుట్టించాడు.

నాకు ఆ మోటర్‌కీ ఈ మనిషికీ పోలిక కనిపిస్తుంది. పట్టుకున్న పనిని మెల్లగా మోశారు, డబ్బునీ బిరుదునీ చటుక్కున వదిలేశారు. మన కోడింగ్ రౌండ్లలో టైమర్ పరిగెడుతుంటే, అందరికంటే లేటుగా అర్థమయ్యేవాడు వెనకబడ్డాడనే అనుకుంటాం. మీ బెంచీలో అలాంటి ఫ్రెండ్ ఉంటే ఈ మోటర్ గురించి చెప్పండి. అందులో వేగంగా కదిలినప్పుడు బరువు ఎక్కడికీ పోదు. ముందుకెళ్లేది మెల్లటి అడుగులోనే.