తోటలోని తత్వవేత్త ఎపిక్యూరస్

ఎపిక్యూరస్ పేరు నాకు మొదట తగిలింది కెమిస్ట్రీ క్లాసులో. పరమాణువుల గురించి చెబుతూ మాస్టారు డెమోక్రిటస్ తరువాత ఈయన పేరు ఒక్క ముక్క అని, నేరుగా డాల్టన్ దగ్గరికి వెళ్ళిపోయారు. లైబ్రరీలో వెతికితే తెలిసిందేమంటే, లోకంలో ఆయనకున్న పేరు వేరు. తిండిపోతు, భోగలాలసుడు! మన చార్వాకుల మాదిరే ఈయన గురించి కూడా గట్టిగా ప్రచారం చేసింది గిట్టనివాళ్ళే.

ఆయన క్రీ.పూ. 341లో సామోస్ ద్వీపంలో పుట్టాడు. తండ్రి నియోక్లీస్ ఏథెన్సు నుంచి వలస వెళ్ళినవాడు, బడిపంతులు. ఉన్న కాస్త పొలం ఇల్లు గడవటానికి చాలక బడి పెట్టుకుని ఉంటాడని సిసెరో ఊహ. తల్లి ఇంటింటికీ తిరిగి శాంతి మంత్రాలు చదివేదనీ, కుర్రవాడు వెంట ఉండి చదివిపెట్టేవాడనీ శత్రువులు ఎగతాళి చేశారు. అది నిజమైతే మంచిదే అంటాను నేను. మనిషిలో భయం ఎట్లా పుడుతుందో ఆ గుమ్మాల్లోనే చూసి ఉంటాడు గదా!

పద్నాలుగో ఏట ఒక సంగతి జరిగిందట. సృష్టికి ముందు ఉన్నది మహాశూన్యమని హెసియోడ్ కావ్యంలో చదివి, మరి ఆ శూన్యం దేన్నుంచి వచ్చిందని అడిగాడు. పంతులు చెప్పలేకపోయాడు. అప్పుడే తత్వశాస్త్రం వైపు తిరిగాడంటారు.

పద్దెనిమిదో ఏట సైనిక శిక్షణకు ఏథెన్సు వెళ్ళాడు. క్రీ.పూ. 323లో అలెగ్జాండరు చనిపోయాడు. ఆ తరువాతి గందరగోళంలో సామోస్‌లోని ఏథెన్సు వాళ్ళందరినీ వెళ్ళగొట్టారు. ఇల్లూ పొలమూ పోయి కుటుంబం కొలొఫోన్ చేరింది. మిటిలీనీలో, లాంప్సకస్‌లో పాఠాలు చెప్పి, క్రీ.పూ. 306 ప్రాంతంలో మళ్ళీ ఏథెన్సు వచ్చి 80 మినాలకు ఒక తోట కొన్నాడు. ఆ తోటే ఆయన కాలేజీ. అందులోకి ఆడవాళ్ళూ వచ్చారు, బానిసలూ వచ్చారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ఇక భోగం సంగతి. వాళ్ళు మామూలుగా తినేది రొట్టె, తాగేది నీళ్ళు. ఒక కుండెడు జున్ను పంపితే దానితో విందు చేసుకుంటానని మిత్రుడికి ఉత్తరం రాశాడు! సుఖమంటే ఆయన లెక్కలో ఒంటికి నొప్పి లేకపోవటం, మనసుకు కలత లేకపోవటం. అంతే.

ఆ కలతకు మూలం రెండు భయాలన్నాడు: దేవుళ్ళ భయం, చావు భయం. ఇక్కడే పరమాణువులు పనికొచ్చాయి. ఉన్నవి అణువులూ శూన్యమూ మాత్రమే, ఆత్మ కూడా అణువుల కూడికే, చనిపోతే విడిపోతుంది, ఇక బాధపడటానికి మనిషే ఉండడు. దేవుళ్ళు ఉన్నారు గాని మన జోలికి రారు. ఉరుముకు ఒకటి కాదు, నాలుగైదు కారణాలు చెప్పి, కంటికి కనిపించేదానితో పొసిగితే ఏదైనా సరేనన్నాడు. సూర్యుడు మనకు కనిపించేటంతే ఉంటాడని కూడా అన్నాడు, అది శుద్ధ తప్పు. అయినా మా ఊళ్ళో ఇప్పటికీ వడగళ్ళు పడి మామిడి పిందె రాలితే అమ్మవారికి మొక్కు తప్పామంటారు. పంట పోయిన బాధ చాలదన్నట్టు నేరం చేశామన్న దిగులు ఒకటి. ఆయన ఎవరి కోసం చెప్పాడో నాకు బాగానే అర్థమైంది.

ఒక్కచోట మాత్రం ఆయనతో నాకు పేచీ. రాజకీయాలకు దూరంగా, పదిమంది కంటా పడకుండా బతకమన్నాడు. (యూనియన్ సంచికలో రాయవలసిన మాట కాదేమో!) చుట్టూ గోడ ఉన్న తోటలో అది చెల్లుతుంది. కాలవ చివరి భూముల రైతు నోరు మూసుకుంటే చేలోకి నీళ్ళు రావు. ఆయన తోటలోకీ లోకం రానే వచ్చింది. క్రీ.పూ. 294 నాటికి డెమెట్రియస్ సైన్యం ఏథెన్సును ముట్టడించి ఆకలి పాలు చేస్తే, చిక్కుడు గింజలు లెక్కపెట్టి శిష్యులకు పంచాడని ప్లూటార్క్ రాశాడు.

క్రీ.పూ. 270 ప్రాంతంలో, డెబ్బై దాటాక, మూత్రంలో రాయి అడ్డుపడి పద్నాలుగు రోజులు బాధపడ్డాడు. ఆ నొప్పి ఎలాంటిదో మా నాన్నను చూసి నాకు తెలుసు. రాత్రంతా మంచం పట్టె పట్టుకుని కూర్చునేవాడు. అందుకే ఆయన ఆఖరి ఉత్తరం చదివి చాలాసేపు ఆగిపోయాను. నొప్పి ఇంతకు మించి పెరగటానికి లేదని ఒప్పుకుంటూనే, పాత సంభాషణలు తలుచుకుంటే దానికి సరిపోయేంత సంతోషంగా ఉందన్నాడు. చనిపోయిన మిత్రుడు మెట్రోడోరస్ పిల్లల్ని చూసుకోమన్నాడు. వీలునామాలో మీస్‌నూ మరి ముగ్గురు బానిసలనూ విడిచిపెట్టాడు. వేడినీళ్ళ కంచు తొట్టిలో కూర్చుని, కాస్త ద్రాక్షసారా అడిగి తాగి కన్నుమూశాడు.

రాసినవి దాదాపు 300 చుట్టలంటారు. పూర్తిగా మిగిలినవి మూడు ఉత్తరాలు, కొన్ని సూత్రాలు. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు హెర్క్యులేనియంలో కాలి బొగ్గయిన గ్రంథాల్లో ఆయన ప్రకృతి గ్రంథం తునకలు దొరికాయి. అక్కడిదే విప్పటానికి వీల్లేని ఒక చుట్టను ఎక్స్‌రేలతో, కంప్యూటర్లతో కొంత చదివి 2024లో బయటపెట్టారు. అది ఆయన బాటలో నడిచిన ఫిలోడీమస్ రాసిందని పండితుల అంచనా. అందులో ఉన్నది తిండి సంగతే: అరుదుగా దొరికేది కాబట్టి ఎక్కువ రుచి అనుకోవచ్చునా అన్న చర్చ.