ఖాశాబా జాదవ్: ఊరు పంపిన మల్లయోధుడు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• ఖాశాబా జాదవ్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• మట్టి గోదాలో జరిగే కుస్తీకి, ఒలింపిక్ కుస్తీకి గల తేడాను వివరించగలుగుతారు.
• ఒక క్రీడాకారుడి విజయంలో సమాజం పాత్ర ఏమిటో ఆలోచించగలుగుతారు.

1. పరిచయం

కుస్తీ మన పల్లెలకు కొత్త కాదు. జాతరల్లో, తిరునాళ్లలో కుస్తీ పోటీలు చూసినవారు మీలో చాలామంది ఉంటారు. అలాంటి మట్టి గోదాలో పెరిగిన ఒక పల్లెటూరి యువకుడు 1952లో ఒలింపిక్ క్రీడల్లో కాంస్య పతకం గెలుచుకున్నారు. హాకీలో మన జట్టుకు అంతకుముందే బంగారు పతకాలు వచ్చాయి. కాని స్వతంత్ర భారతదేశం తరఫున ఒంటరిగా పోటీచేసి పతకం తెచ్చినవారిలో ఆయనే మొదటివారు. ఆయన పేరు ఖాశాబా దాదాసాహెబ్ జాదవ్. ఆ పతకం వెనుక ఎవరెవరు నిలబడ్డారో, తరువాత ఆయనను ఎవరు మరిచిపోయారో ఇప్పుడు తెలుసుకుందాం.

2. బాల్యం, చదువు

మహారాష్ట్రలోని సతారా జిల్లాలో కరాడ్ అనే పట్టణం ఉంది. మన తెలుగు నేలను తడిపే కృష్ణానది అక్కడే కొయినా నదితో కలుస్తుంది. కరాడ్‌కు దగ్గరలోని గోళేశ్వర్ గ్రామంలో 1926 జనవరి 15న ఖాశాబా పుట్టారు. తండ్రి దాదాసాహెబ్ కుస్తీ పట్టే మనిషి. ఐదుగురు కొడుకుల్లో ఖాశాబా చివరివారు. ఐదేళ్ల వయసులోనే తండ్రి ఆయనను గోదాలోకి దింపారు.

కరాడ్‌లోని తిలక్ హైస్కూలులో చదువుకునే రోజుల్లోనే దేశంలో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఉద్యమకారులకు తలదాచుకునే చోటు చూపడం, బ్రిటిష్ వారికి వ్యతిరేకంగా రాసిన ఉత్తరాలను చేరవేయడం వంటి పనులు ఆయన చేశారు. ఆ తరువాత కొల్హాపూర్‌లోని రాజారామ్ కళాశాలలో చేరారు.

కొల్హాపూర్ కుస్తీకి పేరుపొందిన ఊరు. ఆ సంస్థానాన్ని ఏలిన శాహూ మహారాజు మల్లయోధులను ఆదరించి, వారి కోసం ఖాస్‌బాగ్ మైదానాన్ని కట్టించారు. అలాంటి చోట బాబూరావు బలావడే, బేలాపురి గురూజీ అనే శిక్షకుల దగ్గర ఖాశాబా సాధన చేశారు. ఆయన పెద్ద భారీ మనిషి కాదు. బలం కంటే వేగం, ఒడుపు ఆయనకు ఎక్కువ. ప్రత్యర్థి తలను చంకలో బిగించి నేలకు విసిరే ‘ధాక్’ అనే పట్టులో ఆయన ఆరితేరారు.

3. మట్టి నుంచి మ్యాట్ మీదికి

1948లో లండన్‌లో ఒలింపిక్స్ జరిగాయి. ఖాశాబా ప్రయాణ ఖర్చులను కొల్హాపూర్ మహారాజు భరించారు. అయితే అక్కడ ఆయనకు కొత్త ఇబ్బంది ఎదురైంది.

మన గోదాలో ఎర్రమట్టిని మెత్తగా చేసి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి సిద్ధం చేస్తారు. ప్రత్యర్థిని వెల్లకిలా పడేసి చిత్తు చేస్తే గెలుపు. ఒలింపిక్స్‌లో మట్టి ఉండదు. మెత్తని మ్యాట్ మీద పోటీ జరుగుతుంది. దానికి గడువు ఉంటుంది. గడువులోగా ఎవరూ చిత్తు కాకపోతే న్యాయనిర్ణేతలు విజేతను తేలుస్తారు. మట్టిలో కాలు ఊనినట్టు మ్యాట్ మీద ఊనితే పట్టు తప్పుతుంది. ఖాశాబా అంతకుముందు మ్యాట్ మీద పోటీచేసి ఎరుగరు.

అమెరికాకు చెందిన రీస్ గార్డనర్ అనే మాజీ మల్లయోధుడు లండన్‌లో ఆయనకు కొన్ని మెలకువలు నేర్పారు. ఖాశాబా ఆస్ట్రేలియా, అమెరికా మల్లయోధులను ఓడించారు. ఇరాన్‌కు చెందిన మన్సూర్ రయీసీ చేతిలో ఓడారు. తన బరువు విభాగంలో ఆయనకు ఆరో స్థానం దక్కింది. మ్యాట్‌కు అలవాటు లేని మనిషికి అది చిన్న విషయం కాదు. అయినా ఖాశాబా దానితో తృప్తిపడలేదు. తిరిగి వచ్చి మరో నాలుగేళ్లు మరింత కఠినంగా సాధన చేశారు. లండన్ కంటే ఎక్కువ బరువు విభాగంలో, అంటే 57 కిలోల విభాగంలో పోటీకి సిద్ధపడ్డారు.

4. ఒక్క పాయింటు, ఏడు వేల రూపాయలు

1952 ఒలింపిక్స్ ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో జరగాలి. అంతకుముందు మద్రాసులో జరిగిన పోటీల్లో ఖాశాబా ఒక్క పాయింటు తేడాతో వెనుకబడ్డారు. ఎంపిక చేజారింది. ఆ పాయింటు తనకు కావాలనే తగ్గించారని ఆయన భావించారు. అప్పుడు భారత ఒలింపిక్ సంఘానికి పటియాలా మహారాజు యాదవీంద్ర సింగ్ అధ్యక్షులు. ఖాశాబా నేరుగా ఆయనకే మొరపెట్టుకున్నారు. మహారాజు మళ్లీ పోటీ పెట్టించారు. ఈసారి ఖాశాబా ప్రత్యర్థిని చిత్తు చేశారు. పాయింట్లు లెక్కపెట్టే అవసరమే రాలేదు.

ఎంపిక అయితే జరిగింది గాని, హెల్సింకీ చేరడానికి డబ్బు లేదు. ప్రభుత్వం నుంచి చాలినంత సాయం రాలేదు. అప్పుడు గోళేశ్వర్ ప్రజలు ముందుకు వచ్చారు. కుటుంబ సభ్యులు, ఊరివారు తలా కొంత పోగుచేశారు. రాజారామ్ కళాశాల ప్రిన్సిపాల్ ఖర్దీకర్ తన ఇంటిని తాకట్టు పెట్టి 7,000 రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. ఖాశాబా గెలవకపోతే ఆయన ఇల్లే పోవచ్చు. అది తెలిసే ఆయన డబ్బు ఇచ్చారు.

5. హెల్సింకీలో

హెల్సింకీలో ఖాశాబా కెనడా, మెక్సికో, జర్మనీ దేశాల మల్లయోధులను వరుసగా ఓడించారు. తరువాత సోవియట్ యూనియన్‌కు చెందిన రషీద్ మమ్మద్‌బెయోవ్ చేతిలో, జపాన్‌కు చెందిన షోహచి ఇషీ చేతిలో ఓడిపోయారు. ఆ చివరి కుస్తీల మధ్య ఆయనకు తగిన విశ్రాంతి ఇవ్వలేదని, ఆ మాట గట్టిగా అడగడానికి మన అధికారులెవరూ దగ్గర లేరని తరువాత చెప్పుకున్నారు. ఇషీకి బంగారు పతకం, మమ్మద్‌బెయోవ్‌కు వెండి పతకం దక్కాయి. 1952 జూలై 23న ఖాశాబా కాంస్య పతకం అందుకున్నారు.

ఆయన తిరిగివచ్చిన రోజు కరాడ్ స్టేషన్‌లో వందకు పైగా ఎడ్లబండ్లు బారులు తీరాయి. మేళతాళాలతో ఊరేగింపు సాగింది. పావుగంటలో నడిచే దారికి ఏడు గంటలు పట్టింది. ఆ తరువాత ఖాశాబా చేసిన పని మరువరానిది. ఆయన కొల్హాపూర్‌లో కుస్తీ పోటీలు ఏర్పాటు చేసి, వచ్చిన డబ్బుతో ప్రిన్సిపాల్ ఇంటిని తాకట్టు నుంచి విడిపించారు.

6. పతకం తరువాత

1955లో ఖాశాబా బొంబాయి పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరారు. మోకాలి గాయం వల్ల 1956 ఒలింపిక్స్‌కు వెళ్లలేకపోయారు. పోలీసు శాఖలో 27 ఏళ్లు పనిచేసి అసిస్టెంట్ కమిషనర్‌గా పదవీ విరమణ చేశారు. పింఛను కోసం ఆయన పోరాడవలసి వచ్చింది. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు జ్యోతిని మోసే బృందంలో ఆయనకు చోటు దొరికింది. 1984 ఆగస్టు 14న రోడ్డు ప్రమాదంలో మరణించారు.

బతికి ఉండగా ఆయనకు అర్జున పురస్కారం గాని, పద్మ పురస్కారం గాని రాలేదు. మరణించిన చాలా ఏళ్లకు, 2000 సంవత్సరపు అర్జున పురస్కారం ప్రకటించారు. 2010లో ఢిల్లీలోని కుస్తీ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన తరువాత మనకు మరో వ్యక్తిగత ఒలింపిక్ పతకం రావడానికి 44 ఏళ్లు పట్టింది. 1996లో టెన్నిస్‌లో లియాండర్ పేస్ దానిని సాధించారు. 2000లో మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి బరువులెత్తే పోటీలో కాంస్య పతకం తెచ్చారు. కుస్తీలో మాత్రం 2008లో సుశీల్ కుమార్ గెలిచేదాకా, అంటే 56 ఏళ్లు, మనం ఎదురుచూశాం.

7. సారాంశం

ఖాశాబా జాదవ్ తనకు తెలిసిన విద్యను కొత్త నియమాలకు తగినట్టు మార్చుకున్నారు. అన్యాయం జరిగిందనిపించినప్పుడు పెద్దలను అడిగి మళ్లీ పోటీ పెట్టించుకున్నారు. ఊరు తనకోసం చేసిన అప్పును తన అప్పుగా భావించి తీర్చారు. ఆయనను పంపడానికి ఒక పల్లె, ఒక ఉపాధ్యాయుడు చేయగలిగినంతా చేశారు. ఆ తరువాత ఆయన్ను ఆదరించవలసిన బాధ్యత దేశానిది. ఆ బాధ్యత నెరవేరడంలో చాలా ఆలస్యం జరిగింది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి
1. ఖాశాబా జాదవ్ ఎక్కడ, ఎప్పుడు పుట్టారు?
2. మట్టి గోదాకు, మ్యాట్‌కు గల రెండు తేడాలు రాయండి.
3. హెల్సింకీ ప్రయాణానికి డబ్బు ఎలా సమకూరింది?
4. మీ ఊరిలో ప్రతిభ ఉండి, అవకాశం లేనివారు ఎవరైనా ఉన్నారా? వారికి ఊరు ఏ విధంగా సాయపడగలదో ఐదు వాక్యాల్లో రాయండి.