ఒలింపిక్ మైదానం నుండి రాజ్యాంగ సభకు: జైపాల్ సింగ్ ముండా

భారత హాకీ జట్టు తొలి ఒలింపిక్ స్వర్ణాన్ని 1928లో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో సాధించింది. ఆ జట్టుకు నాయకునిగా ఎంపికైన వ్యక్తి ఒక ఆదివాసీ యువకుడు. ఆయనే జైపాల్ సింగ్ ముండా.

జైపాల్ సింగ్ 1903 జనవరి 3న, నేటి జార్ఖండ్‌లోని ఖుంటీ ప్రాంతంలో, టకరా అనే ముండా గ్రామంలో జన్మించారు. రాంచీలోని సెయింట్ పాల్స్ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు కాస్‌గ్రేవ్ ఆయన ప్రతిభను గుర్తించి, ఉన్నత విద్యకై ఇంగ్లాండుకు తీసుకువెళ్లారు. జైపాల్ ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం అభ్యసిస్తూనే విశ్వవిద్యాలయ హాకీ జట్టులో పేరు గడించారు. అనంతరం ఐ.సి.ఎస్.కు ఎంపికయ్యారు.

శిక్షణలో ఉండగా భారత జట్టు నాయకత్వానికి పిలుపు వచ్చింది. అధికారులు సెలవు నిరాకరించినా ఆయన ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లారు. భారత జట్టు ఐదు ఆటలలో 29 గోల్స్ చేసి, ప్రత్యర్థులకు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. మే 26న తుది పోటీలో ఆతిథ్య నెదర్లాండ్స్‌ను 3-0తో ఓడించింది. అయితే విభేదాల కారణంగా జైపాల్ తుది పోటీకి ముందే జట్టును వీడారు. తిరిగి వచ్చిన తరువాత, శిక్షణ మరొక ఏడాది పొడిగిస్తామన్న షరతుకు తలవంచక ఐ.సి.ఎస్.నే వదులుకున్నారు.

కొంతకాలం ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో, రాయపూర్‌లో విద్యారంగంలో పనిచేసి, 1939లో ఆదివాసీ మహాసభ అధ్యక్షులయ్యారు. 1946లో రాజ్యాంగ సభ సభ్యులయ్యారు. ప్రజాస్వామ్యాన్ని ఆదివాసులకు ఎవరూ నేర్పనక్కరలేదని, అది వారి గ్రామ జీవితంలోనే ఉన్నదని ఆ సంవత్సరం డిసెంబరు 19న సభలో వాదించారు. ఆదివాసి అనే పేరునే వాడాలని పట్టుబట్టారు. అయిదవ షెడ్యూలుపై చర్చలో, గిరిజన సలహా మండలి అధికారాలను ముసాయిదాలో కుదించారని విమర్శించారు. దసమంతపూర్ సహా కోరాపుట్, రాయగడ జిల్లాలు నేటికీ ఆ షెడ్యూలు పరిధిలోనే ఉన్నాయి. కనుక ఆనాటి ఆ చర్చ మన గ్రామాల భూమికి, అడవికి సంబంధించినదే.

1952 ఎన్నికలలో ఆయన జార్ఖండ్ పార్టీ బీహార్ శాసనసభలో 32 స్థానాలు గెలిచింది. కానీ ప్రత్యేక రాష్ట్రం రాలేదు. 1963లో పార్టీని కాంగ్రెస్‌లో విలీనం చేయడం అనుచరులలో పలువురికి మనస్తాపం కలిగించింది. 1970 మార్చి 20న, లోక్‌సభ సభ్యునిగా ఉండగానే ఆయన కన్నుమూశారు. ఆయన కోరిన జార్ఖండ్ మరి 30 సంవత్సరాలకు, 2000 నవంబరు 15న ఏర్పడింది.